కుంట తేటపడింది, చేపలు తేలాయి

మా బడి వెనుక ఒక కుంట ఉంది. హోసూరు ప్రాంతంలో చాలా ఊళ్లలో ఉన్నట్టే ఇదీ వాననీటి కుంట. పశువులు తాగేది, ఆడవాళ్లు బట్టలు ఉతికేది, పిల్లలు సెలవురోజున గాలం వేసేది అందులోనే. ఏటా పంచాయతీ పాటలో ఎవరో ఒకరు దక్కించుకుని చేపపిల్లలు వదులుతారు. ఆ ఏడు పాట పాడిన కుటుంబంలోని అమ్మాయి మా దగ్గర ఎనిమిదో తరగతి చదువుతోంది.

వేసవి ముదిరేసరికి కుంట నీరు పచ్చరంగు కలిపినట్టు చిక్కబడింది. మధ్యాహ్నం గాలి బడివైపు తిరిగితే తరగతి గదిలో కూర్చోలేని వాసన. తల్లిదండ్రుల సమావేశంలో ఇదే మాట వచ్చింది. "అయ్యవారూ, కొబ్బరిచెట్లకు తెచ్చిన మైలుతుత్తం ఇంట్లో ఉంది. చల్లేస్తే రెండు రోజుల్లో పాచి చచ్చిపోతుంది" అని ఒక పెద్దాయన అన్నారు. అందరూ సరేనన్నారు. మేమూ తలూపాం. సైన్సు చెప్పేవాళ్లం ముగ్గురం ఉండి, ఎంత చల్లాలి, ఎలా చల్లాలి అని ఒక్కరమూ అడగలేదు.

ఐదు కిలోల సంచి మొత్తం ఒకే సాయంత్రం కుంటలో పడింది. మర్నాటికి గట్టు వెంట నత్తలు తెల్లబడి పడి ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజుకు పచ్చదనం విరిగి నీరు తేటపడింది, ఊరంతా సంతోషించింది. నాలుగో రోజు తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకోసాగాయి. పొద్దెక్కేసరికి కట్లా, రోహు చేపలన్నీ వెల్లకిలా తేలాయి. జిలేబీ చేపలు మాత్రం కొన్ని మిగిలాయి. ఆ అమ్మాయి వారం రోజులు బడికి రాలేదు.

అసలు ఏం జరిగిందో తెలుసుకోవడానికి పిల్లలతో కలిసి మేము చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం. చెరువో కోనేరో పక్కనున్న ప్రతి బడికీ ఇది పనికొస్తుందని రాస్తున్నాం.

మాటతో మొదలుపెట్టాం

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పాఠ్యపుస్తకంలోని ఈ పేరు పిల్లలకు రసాయనంగానే తెలుసు, ఇంట్లో వినే పేరు దానిదేనని తెలియదు. తమిళంలో మయిల్ తుత్తం, కన్నడంలో మైలుతుత్త. మయిల్ అంటే నెమలి. మరాఠీవాళ్లు మోర్‌చూద్ అంటారు, అందులోనూ మోర్ అంటే నెమలే. నెమలి మెడ రంగును బట్టి వచ్చిన పేరు. పాచిని కన్నడంలోనూ పాచి అనే అంటారు, తమిళంలో పాసి. పుస్తకంలో మాత్రం అది శైవలం. రెండు మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఈ మాటలు పక్కపక్కన రాసి చూపిస్తే పాఠం సగం అక్కడే అర్థమైపోతుంది.

పాచిని చంపడానికి మైలుతుత్తం వాడటం కొత్తదేమీ కాదు. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1904లోనే తాగునీటి జలాశయాల్లో ఈ పద్ధతిని వివరిస్తూ నివేదిక ప్రచురించారు. చవక, సులువు, ఫలితం కంటికి కనిపిస్తుంది. అందుకే ప్రపంచమంతా వ్యాపించింది. చేపల చెరువుల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

ఎనిమిదో తరగతి లెక్క

పిల్లలు తాడుతో కుంటను కొలిచారు. పొడవు 40 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు, సగటు లోతు ఒక మీటరు. అంటే 1,200 ఘనపు మీటర్లు, 12 లక్షల లీటర్ల నీరు. అందులో ఐదు కిలోలు వేస్తే లీటరుకు దాదాపు 4.2 మిల్లీగ్రాముల మైలుతుత్తం. దాని బరువులో నాలుగోవంతు రాగి కాబట్టి లీటరుకు ఒక మిల్లీగ్రాము పైచిలుకు రాగి.

ఇక్కడే పిల్లలు ఆశ్చర్యపోయారు. మనుషులు తాగే నీటిలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రాగి ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మా కుంట నీరు మనిషికి పెట్టిన హద్దు లోపలే ఉంది. మరి చేపలకు ఏమైంది?

మనం నీటిని తాగుతాం, చేప ఆ నీటిలోనే ఊపిరి పీలుస్తుంది. రాగి దాని మొప్పలకు పట్టి, ఒంట్లో లవణాల సమతూకాన్ని దెబ్బతీస్తుంది. ట్రౌట్ వంటి సున్నితమైన చేపలకైతే మృదుజలంలో మనిషి హద్దులో పదోవంతు కూడా ప్రాణాంతకమే. నత్తలకు, డాఫ్నియా వంటి నీటి ఈగలకు ఇంకా తక్కువ చాలు. నత్త రక్తంలో సహజంగానే రాగి ఉంటుంది, మన రక్తంలో ఇనుము ఉన్నట్టు. అయినా అవసరానికి మించిన రాగిని అది తట్టుకోలేదు. చేపలకంటే ముందు నత్తలు పోవడం మాకు దొరికిన మొదటి హెచ్చరిక. మేము చదవలేకపోయాం.

రాగి ఎంత విషమవుతుందన్నది నీటి స్వభావాన్ని బట్టి ఉంటుంది. నీటిలో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటే అవి రాగిని పట్టి ఉంచుతాయి. ఈ గుణాన్నే క్షారత అంటారు. చేపల పెంపకంలో ఒక వాడుక సూత్రం ఉంది: లీటరులో ఉన్న క్షారతను మిల్లీగ్రాముల్లో కొలిచి 100తో భాగించాలి. వచ్చినన్ని మిల్లీగ్రాములే లీటరుకు మైలుతుత్తం మోతాదు. క్షారత 50 కంటే తక్కువుంటే అసలు వాడకపోవడమే మంచిది. మేము తర్వాత పరీక్ష కిట్ తెప్పించి చూస్తే క్షారత 60 వచ్చింది. ఆ లెక్కన కుంట మొత్తానికి 720 గ్రాములు చాలు. పడింది ఐదు కిలోలు, దాదాపు ఏడు రెట్లు.

రెండో దెబ్బ తెల్లవారుజామున

రాగి ఒక్కటే కారణం కాదు. చేపలు నాలుగో రోజు, అదీ తెల్లవారకముందే ఎందుకు చనిపోయాయి?

పాచి పగలు ఎండలో ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రి అదే ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. అందుకే ఏ చెరువులోనైనా తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. పైగా వేడినీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే పట్టగలదు. ఇలాంటి సమయంలో పాచినంతా ఒకేసారి చంపితే పగటిపూట ఆక్సిజన్ ఇచ్చేది లేకుండా పోతుంది. చచ్చిన పాచి అడుగుకు దిగి కుళ్లుతుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌ను తోడేస్తాయి. నీరు తేటగా కనిపిస్తున్నా అందులో ఊపిరి ఉండదు. జిలేబీ చేప తక్కువ ఆక్సిజన్‌లోనూ బతకగలదు, అందుకే కొన్నైనా మిగిలాయి.

బెంగళూరు హలసూరు చెరువులో 2016 మార్చిలో వేలాది చేపలు చనిపోయి తేలిన సంగతి అక్కడి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్కడ మైలుతుత్తం ప్రసక్తి లేదు. అప్పుడు నిపుణులు చెప్పిన కారణం మాత్రం ఆక్సిజన్ పడిపోవడమే. దారులు వేరైనా చేప చావు ఒకటే.

పిల్లలు ఆసుపత్రి పాలైన ద్వీపం

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన పామ్ ఐలాండ్ అనే ద్వీపం ఉంది. అక్కడ ఆదివాసీ కుటుంబాలు ఉంటాయి. 1979లో వారి తాగునీటి జలాశయంలో పాచి పెరిగి నీరు కంపు కొట్టడంతో కాపర్ సల్ఫేట్ చల్లారు. కొద్ది రోజులకే 148 మంది కాలేయం వాచి, వాంతులతో, విరేచనాలతో జబ్బుపడ్డారు. వారిలో 138 మంది పిల్లలే. నీలి ఆకుపచ్చ శైవలాల్లో కొన్ని తమ కణాల్లో విషం దాచుకుంటాయి. వాటిని చంపితే కణాలు పగిలి ఆ విషం నీటిలో కలుస్తుంది. ఆ ద్వీపంలో జరిగింది ఇదేనని తర్వాతి పరిశోధనలు సూచించాయి. మైలుతుత్తం చల్లిన కుంటకు పశువులను తోలకూడదు, చచ్చి తేలిన చేపను వండకూడదు అని మేము ఇప్పుడు గట్టిగా చెబుతున్నది ఇందుకే.

58 ఏళ్ల అనుభవం

మూడో వారానికల్లా మా కుంట మళ్లీ పచ్చబడింది. ఈసారి పైన నూనెరంగు పూసినట్టు నీలిపచ్చ తెట్టె. "మళ్లీ చల్లుదామా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

దీనికి జవాబు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంది. ఫెయిర్‌మాంట్ ఊరి చెరువుల్లో 58 ఏళ్లపాటు మొత్తం 15 లక్షల కిలోల కాపర్ సల్ఫేట్ చల్లారు. దాని ఫలితాలను 1984లో ప్రచురించారు. చల్లిన ప్రతిసారీ పాచి 7 నుంచి 21 రోజుల్లో తిరిగొచ్చింది. చచ్చిన పాచి, అడుగు బురద నుంచి భాస్వరం మళ్లీ నీటిలోకి చేరి కొత్త పాచికి ఎరువైంది. మామూలు ఆకుపచ్చ పాచి తగ్గి, రాగికి అలవాటుపడిన నీలి ఆకుపచ్చ రకాలు పెరిగాయి. మంచి చేపలు తగ్గి నాసిరకం చేపలు మిగిలాయి. అడుగున బతికే పురుగులు తగ్గాయి, నీటిమొక్కలు మాయమయ్యాయి. రాగి ఎక్కడికీ పోలేదు, బురదలో పేరుకుపోయింది.

పాచి చచ్చినా దాని తిండి నీటిలోనే ఉంటుంది. మేము నేర్చుకున్నది ఇదొక్కటే.

ఆ తిండి ఎక్కడి నుంచి వస్తోంది?

పిల్లలు కుంట చుట్టూ తిరిగి, నీరు వచ్చి చేరే దారులన్నీ పటం గీశారు. ఒకటి బట్టలుతికే బండ దగ్గరి సబ్బునీరు. రెండోది పేడదిబ్బ మీదుగా వచ్చే వాననీరు. మూడోది చూసి మేము తలదించుకున్నాం. మధ్యాహ్న భోజనం వండే మా బడి వంటగది కాలువ నేరుగా కుంటలోకే పోతోంది. రోజూ అంట్లు తోమిన నీరు, మిగిలిన అన్నం, సాంబారు అంతా అందులోకే. వాసన వస్తోందని ఊరివాళ్లతో కలిసి తలూపిన మేమే ఆ వాసనకు మేత వేస్తున్నాం.

ముందు మా కాలువనే మళ్లించాం. ఇంకుడుగుంత తవ్వి చుట్టూ అరటి, మెట్టతామర నాటాం. పేడదిబ్బ యజమాని రెండు సార్లు అడిగాక దిబ్బను గట్టు అవతలికి మార్చారు. ఉతికే బండ ఇంకా అక్కడే ఉంది. ఆ పని ఇంకా మిగిలింది. తెట్టెను పెద్దవాళ్లు చేతి తొడుగులు వేసుకుని, వలతో లాగి, దూరంగా ఎండబెట్టారు. పిల్లలను నీటిలోకి దింపలేదు.

మీ బడిలో చేయదగిన పని ఒకటుంది. పాత స్టీలు మూతను నాలుగు భాగాలు చేసి, నలుపు తెలుపు రంగులు వేసి, గుర్తులున్న తాడు కట్టండి. నీటిలోకి దించి ఎంత లోతున కనబడకుండా పోతుందో వారానికోసారి రాసుకోండి. ఇటలీ శాస్త్రవేత్త సెక్కీ 1865లో వాడిన పద్ధతి ఇది. బురద లేని నీటిలో 30 సెంటీమీటర్ల లోపే మూత మాయమైతే పాచి ముదిరిందని, తెల్లవారుజామున చేపలకు ప్రమాదమని అర్థం. పెద్దలెవరైనా తోడుండి గట్టు మీద నుంచే కొలవాలి.

మైలుతుత్తం తప్పదనుకున్న చోట కూడా మత్స్యశాఖవారిని అడగకుండా ముట్టుకోవద్దు. నీటి కొలత, క్షారత తెలియాలి. ఒకేసారి సగం కుంటకు మించి చల్లకూడదు. మిగతా సగానికి ముందు 10 నుంచి 14 రోజులు ఆగాలి.

ఈ వేసవిలోనూ కుంట కొంచెం పచ్చగానే ఉంది. మూత 40 సెంటీమీటర్ల దాకా కనిపిస్తోంది. ఆ కుటుంబం మళ్లీ పాట పాడింది, చేపపిల్లలు వదిలింది. వారం వారం కొలత రాసే పుస్తకం ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చిన ఆ అమ్మాయి దగ్గరే ఉంటోంది.