సురభి నాటక కుటుంబము

తెలుగువారిలో పెక్కురు సురభియను పేరు విన్నవారే. అది కడపజిల్లాలోని యొక చిన్నపల్లె. ఆ పల్లెపేరు తెలుగుదేశమంతటను వ్యాపింపజేసిన కుటుంబమునుగూర్చి యిచ్చట చెప్పుచున్నాము.

వనారస వంశమువారు మహారాష్ట్రమూలమువారు; తోలుబొమ్మలాట వారి వృత్తి. తెరవెనుక బొమ్మల నాడించుట, పద్యము చదువుట, వాద్యము వాయించుట ఇంటిల్లిపాది పని. 1885వ సంవత్సరమున వనారస గోవిందరావుగారు సురభిగ్రామమున 'కీచకవధ' నాటకము నాడించిరి. నాటితో బొమ్మకు బదులు మనుష్యుడు తెరముందునకు వచ్చెను. ఇంటిల్లిపాదియు పనిచేయు పద్ధతి మాత్రము మాఱలేదు.

ఆ కాలమున స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిరి. సురభివారు తమ యింటి యాడువారినే రంగమునకు తెచ్చిరి. ఇది సామాన్యమైన సాహసము కాదు. ఆ యింటి బిడ్డయగు సురభి కమలాబాయిగారే 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతి పాత్రను ధరించిరి.

సమాజమున సభ్యులెవరందురా? చంకలోని పసిబిడ్డ చిన్నికృష్ణుడు. కొంచె మెదిగినవాడు ప్రహ్లాదుడు. తల్లి యశోద, మేనమామ కంసుడు. వేషము లేనివారు హార్మోనియము ముందో, దీపములయొద్దనో, తెరత్రాళ్లయొద్దనో యుందురు. 'మాయాబజారు'లో మేఘములనుండి నారదుడు దిగుటయు, బాణములు నింగిలో ఢీకొని నిప్పులు గ్రక్కుటయు ఈ త్రాళ్లు, తీగల మహిమయే!

అమెరికాలో బిల్ మన్రోయను గాయకుని 'బ్లూ గ్రాస్ బాయిస్' అను వాద్యమేళము 1939లో నాష్‌విల్ రేడియో కార్యక్రమమున చేరి, 1996లో ఆయన కాలధర్మము నొందువఱకు సాగెను. అందలి వాద్యగాండ్రు నూఱుమందికి పైగా వచ్చిరి, పోయిరి. నిలిచినవా డొక్క నాయకుడే. సురభిలో నట్లు కాదు. జీతగాడు రెండు రూపాయ లెక్కువ వచ్చుచోటికి పోవును. మేనత్తను, తోడికోడలిని విడిచి యెవరు పోగలరు? అందుచేతనే స్థాపకుని యనంతరమును సమాజము నిలిచి, శాఖోపశాఖలై ముప్పదికి పైబడెను.

పిదప సినిమాయు, టెలివిజనును వచ్చెను. డేరాలు ఒక్కొక్కటిగా మూతపడి, మిగిలినవి వ్రేళ్లమీద లెక్కింపదగినవాయెను. వానిలో 1937లో వెలసిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ముఖ్యమైనది. దానిని నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించెను. బాబ్జీగారని యందఱు పిలిచిన యాయన 2022లో దివంగతులైరి.

కుటుంబమే బలమైనచోట కుటుంబమునందలి మార్పే చిక్కును తెచ్చును. ఊరూర తిరుగు డేరాలోని పిల్లలకు చదువు నిలుచుట కష్టము. బడిలో నిలిచిన పిల్లవాడు ప్రహ్లాదవేషమునకు దొరకడు. పిల్లలను బడికి పంపవలదని చెప్పుటకు మాకు నోరు రాదు. వేషము మానుమనుటకును రాదు. చదువుకొన్నవారిలో కొందఱు పగలు కొలువుచేసి, రాత్రి ముఖమునకు రంగు పూసికొనుచున్నారు.