ఎవరి పూచీ?

పొరుగింటాయన అప్పుపత్రం పట్టుకొని వచ్చి, "పూచీదారుగా తమరొక్క సంతకం పెడితే చాలునండీ" అంటే మనం వెంటనే కలం తీయం. ఆయన చెడ్డవాడని కాదు. రేపు ఆయన తీర్చలేకపోతే ఆ బరువు మన నెత్తిన పడుతుంది గదా! కంప్యూటర్ల లోకంలోనూ అచ్చం ఇటువంటి సంతకమే ఒకటున్నది. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఆ సంగతి మా కాలేజీ కంప్యూటరు గదిలో బోధపడింది.

అక్కడి యంత్రాలు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టంతో నడుస్తాయి. దాని మూలరాతను ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, ఉచితంగా పంచవచ్చు. 1993లో ఆరంభమైన డెబియన్ దీనికి తల్లి. 2004 అక్టోబరులో ఉబుంటు తొలిసారి వెలువడింది. దానిని నడిపే సంస్థ కానోనికల్. ఉత్తరం రాయడానికి, బొమ్మ చూడడానికి, తెరపై తెలుగు అక్షరం కనిపించడానికి, ఇలా పనికొక ప్యాకేజీ చొప్పున వేలకు వేలున్నవి.

ఇన్నింటికీ ఒక్క సంస్థ పూచీ పడగలదా? అందుచేత వాటిని ముఖ్యంగా రెండు గదుల్లో సర్దారు. మొదటిది 'మెయిన్'. కానోనికల్ లెక్క ప్రకారం ఇందులో సుమారు 2,300 ప్యాకేజీలు. రెండేళ్ళకొకసారి వచ్చే దీర్ఘకాలపు విడుదలలో, 5 ఏళ్ళపాటు వీటి భద్రతా లోపాలు సరిదిద్దే బాధ్యత సంస్థదే. రెండవది 'యూనివర్స్'. ఇందులో 23,000కు పైగా. ఇవి పనికిరానివేమీ కావు. వీటి ఆలనాపాలనా ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తల తీరికను బట్టి సాగుతుంది.

రెండవ గదిలోనిది మొదటి గదిలోకి రావాలంటే పెళ్ళి సంబంధం చూసినంత తంతు! అర్జీ పెట్టాలి. నిజంగా అవసరమా? ఇదే పని చేసేది లోపల ఇంకొకటున్నదా? రాసినవారు ఇంకా కనిపెట్టి చూస్తున్నారా? మునుపు బయటపడిన లోపాలను ఎంత త్వరగా దిద్దారు? అది ఆధారపడే ప్యాకేజీలన్నీ మెయిన్‌లో ఉండాలి. ప్రమాదానికి తావున్న వాటి రాతను భద్రతా బృందం స్వయంగా పరిశీలిస్తుంది. అన్నిటికీ మించి, ఫలానా బృందం దీనిని చూసుకుంటుందని తేలాలి. దిక్కులేనిదానికి ప్రవేశం లేదు.

ఇంత చాదస్తమెందుకంటారా? 2024 మార్చిలో జరిగినది వినండి. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే చిన్న సాధనం. ఏళ్ళ తరబడి దానిని ముఖ్యంగా ఒక్క మనిషే తీరిక వేళల్లో చూసుకున్నాడు. మారుపేరుతో ఒకరు సాయానికి వచ్చి, రెండేళ్ళకు పైగా మంచిగా మెలిగి, నమ్మకం సంపాదించి, చివరకు దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించి, కూపీ లాగి, మార్చి 29న లోకానికి వెల్లడించాడు. అప్పటికది డెబియన్ పరీక్షా విభాగాల్లో చేరింది గాని, స్థిర విడుదలకు పాకలేదు.

ఎక్స్‌జెడ్ మెయిన్‌లోనిదే సుమండీ! సంతకం ఉన్నంత మాత్రాన దొంగ రాడని కాదు; వస్తే మేలుకొనేవారున్నారని అర్థం. అనుమానపు రోజుల్లో తయారైన ప్యాకేజీలన్నింటినీ తీసివేసి మళ్ళీ నిర్మించారు. ఉబుంటు 24.04 బీటా విడుదలను వారం వెనక్కు జరిపారు.

2023 జనవరి నుంచి 'ఉబుంటు ప్రో' అనే ఏర్పాటు కింద యూనివర్స్‌కూ ఆ రక్షణ అందుతున్నది. సొంతానికి వాడుకొనేవారికి 5 యంత్రాల వరకు ఉచితం. పేరు నమోదు చేసుకోవాలి.

కాబట్టి మీ అబ్బాయి ఏదైనా కొత్తది ఎక్కిస్తుంటే, "బాగున్నదా?" అని మాత్రమే కాక, "ఎవరి పూచీ?" అని కూడా అడగండి. కాదన్నవాడు లోభి కాడు. నిలుపుకోలేని మాట ఇవ్వనివాడు.