కంప్యూటర్‌లో మరో కంప్యూటర్: దాని డిస్క్‌ను ఎక్కడ ఉంచాలి?

విండోస్ కంప్యూటర్‌ను కదపకుండానే లినక్స్ నేర్చుకోవాలంటే వర్చువల్ మెషీన్ సులువైన మార్గం. వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. కానీ పాత కంప్యూటర్‌లో దీన్ని నడిపినవారిలో చాలామంది విసిగిపోతారు. ఒక్కో క్లిక్‌కు నిరీక్షణే. తప్పు ప్రాసెసర్‌దని, ర్యామ్‌దని అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం స్టోరేజీ.

వర్చువల్ మెషీన్‌కు కనిపించే హార్డ్ డిస్క్ నిజానికి మన కంప్యూటర్‌లోని ఒక పెద్ద ఫైల్. లోపలి లినక్స్ బూట్ అయ్యేటప్పుడు ఆ ఫైల్‌లో అక్కడక్కడా ఉన్న వేల చిన్న ముక్కలను చదవాలి. ఇక్కడే భౌతికశాస్త్రం అడ్డు వస్తుంది.

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే దాదాపు 4.2 మిల్లీసెకన్లు ఆగాలి. హెడ్ సరైన ట్రాక్‌కు చేరడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం సుమారు 13. అంటే సెకనుకు 75 ముక్కలకు మించి చదవడం కష్టం. పైగా అదే హెడ్ విండోస్ పనులూ చూడాలి! ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు. చిన్న ముక్కను చదవడానికి దానికి 0.1 మిల్లీసెకను సరిపోతుంది.

మరి ఏ ఎస్‌ఎస్‌డీ? సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం 3,500 దాకా, కొత్తవి అంతకు మించి కూడా వెళ్తాయి. అయితే ఇవి పెద్ద ఫైళ్లను వరుసగా చదివే వేగాలు. చిన్న ముక్కల విషయంలో తేడా అంతగా ఉండదు. ఒకటి రెండు వర్చువల్ మెషీన్లు నడిపే ఇంటికి సాటా ఎస్‌ఎస్‌డీ చాలు.

పెన్‌డ్రైవ్ మాత్రం వద్దు. చిన్న ముక్కలను రాయడంలో అది బాగా వెనుకబడుతుంది. పొరపాటున లాగేస్తే, నడుస్తున్న కంప్యూటర్ నుంచి డిస్క్ పీకినట్టే. పైగా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే 4 గిగాబైట్లు మించిన ఫైల్ అందులో పట్టదు.

డిస్క్ ఫైల్ తయారుచేసేటప్పుడు 'డైనమిక్' అని ఎంచుకుంటే, 50 గిగాబైట్లు అని చెప్పినా మొదట వాడినంతే చోటు తీసుకుంటుంది. తర్వాత పెరుగుతూ పోతుంది. లోపల ఫైళ్లు చెరిపినా తనంతట తాను తగ్గదు. అసలు డిస్క్ నిండితే వర్చువల్ మెషీన్ మధ్యలోనే ఆగిపోతుంది. కాబట్టి ఖాళీ చోటును అప్పుడప్పుడు చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కరెంటు. 'సేవ్' అయిందని తెర మీద కనిపించిన డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండవచ్చు. అదే క్షణంలో కరెంటు పోతే, లోపలి ఫైల్ సిస్టమ్ దెబ్బతినవచ్చు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ అవసరం ఇందుకే. స్నాప్‌షాట్ తీశాం కదా అనే ధీమా పనికిరాదు. అది మూల ఫైల్ మీద ఆధారపడి ఉంటుంది. మూలం పాడైతే స్నాప్‌షాట్ కూడా పోయినట్టే.

పాత హార్డ్ డిస్క్‌ను పారేయకండి. దాని బలహీనత అక్కడక్కడా వెతకడంలోనే. వరుసగా రాయడంలో అది ఇప్పటికీ గట్టిదే. సెకనుకు 150 మెగాబైట్లు రాస్తే 20 గిగాబైట్ల ఫైల్ రెండున్నర నిమిషాల లోపే కాపీ అవుతుంది. వారానికోసారి వర్చువల్ మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, దాని ఫోల్డర్ మొత్తాన్ని అందులోకి కాపీ చేసుకోండి. నడపడానికి ఎస్‌ఎస్‌డీ, దాచుకోవడానికి హార్డ్ డిస్క్.