కావలివాని కూలి

కంచే చేను మేస్తే కాపాడేదెవరని మన పెద్దలు ప్రశ్నించారు. పాతబడిన కంప్యూటర్లతో పని చేసేవారికి ఈ సామెత తరచుగా గుర్తుకు వస్తుంది. వైరసుల నుండి రక్షణ కోసం తెచ్చిపెట్టుకొన్న యాంటీవైరసే యంత్రం శక్తినంతా హరించి, ఒక ఉత్తరం టైపు చేసుకోవడానికి కూడా వీలు లేకుండా చేస్తున్నదని వారి ఫిర్యాదు. ఈ ఫిర్యాదులో సత్యం ఎంత? ఆ సామెత ఇక్కడ పూర్తిగా వర్తిస్తుందా?

మొదట కంప్యూటరు జ్ఞాపకశక్తిని గురించి తెలుసుకోవాలి. చదువుకొనే విద్యార్థికి ఒక బల్ల, ఒక బీరువా ఉన్నాయనుకొందాం. బీరువాలో వందల పుస్తకాలు పడతాయి. కాని చదవాలంటే పుస్తకాన్ని బల్లమీదికి తెచ్చుకోవలసిందే. కంప్యూటరులో హార్డ్‌ డిస్కు బీరువా వంటిది, ర్యామ్‌ బల్ల వంటిది. బల్ల నిండిపోతే కొన్ని పుస్తకాలను బీరువాలో పెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకోవాలి. కంప్యూటరు కూడా ర్యామ్‌ చాలనప్పుడు ఇదే పని చేస్తుంది. అయితే పాత యంత్రాలలోని తిరిగే హార్డ్‌ డిస్కు నుండి ఒక అంశాన్ని వెదికి తేవడానికి పట్టే కాలం, ర్యామ్‌ నుండి తీసుకొనే కాలానికి సుమారు లక్ష రెట్లు ఉంటుంది. మనకు కనిపించే మాంద్యానికి అధిక భాగం కారణం ఈ రాకపోకలే.

ఇక వైరసు సంగతి. తనంతట తాను ప్రతులు సృష్టించుకొంటూ ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకే ప్రోగ్రామే వైరసు. 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు సోదరులు రాసిన 'బ్రెయిన్‌' అనే వైరసు ఫ్లాపీల ద్వారా దేశదేశాలకు వ్యాపించింది. ఆనాడు వైరసులు వేళ్లమీద లెక్కించదగినన్ని మాత్రమే. నేడు తెలిసిన హానికర ప్రోగ్రాముల సంఖ్య కోట్లలో ఉన్నది. దొంగలను పట్టుకోవడానికి ఆనవాళ్లు కావాలి. ఆనవాళ్ల పట్టిక పెరిగినకొద్దీ దానిని పరచడానికి బల్లమీద కావలసిన చోటు కూడా పెరుగుతుంది.

యాంటీవైరసు ప్రధానంగా రెండు విధాలుగా కాపలా కాస్తుంది. మొదటిది, మనం ఏ ఫైలును తెరిచినా ఆ క్షణంలోనే దానిని ఆనవాళ్లతో పోల్చి చూడడం. రెండవది, నియమిత సమయంలో హార్డ్‌ డిస్కునంతా గాలించడం. మొదటి పనికి పట్టిక ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. ద్వారం వద్ద నిలిచిన కావలివాడు వచ్చిన ప్రతివానినీ చూసి, ఆనవాళ్ల కోసం ఇంటికి వెళ్లి రాలేడు కదా!

ఉచితంగా లభించే 'క్లామ్‌ఏవీ' అనే యాంటీవైరసును ఉదాహరణగా తీసుకొందాం. దీనికి కనీసం 3 గిగాబైట్ల ర్యామ్‌ ఉండడం మంచిదని దాని రూపకర్తలే సూచిస్తున్నారు. 2001లో వచ్చిన విండోస్‌ ఎక్స్‌పీకి కనీస అవసరం 64 మెగాబైట్లు మాత్రమే. పైగా కొత్త పట్టిక వచ్చినప్పుడు, అది సిద్ధమయ్యేవరకు పాత పట్టిక కాపలాలోనే ఉంటుంది. ఆ కొద్దిసేపు రెండు పట్టికలూ ర్యామ్‌లో ఉండడం వల్ల వినియోగం దాదాపు రెట్టింపవుతుంది. ఈ ఏర్పాటును వద్దనుకొనే వీలు ఉన్నది. కాని అప్పుడు కొత్త పట్టిక సిద్ధమయ్యేదాకా పరీక్ష ఆగిపోతుంది. జ్ఞాపకశక్తిని పొదుపు చేస్తే రక్షణలోనో, వేగంలోనో కొంత వదులుకోక తప్పదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ బాధ పడలేక కొందరు యాంటీవైరసును తొలగిస్తారు. ఫలితం ఎలా ఉండగలదో 2017 మే నెల చూపింది. 'వన్నాక్రై' అనే ప్రోగ్రాము లక్షలాది కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడుదలకు సొమ్ము కోరింది. బ్రిటన్‌లోని ఆసుపత్రులు, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాలు కూడా దాని బారిన పడ్డాయి. అది ఉపయోగించుకొన్న లోపాన్ని సరిదిద్దే సవరణ ఆ ఏడాది మార్చిలోనే విడుదలైంది. దానిని అమర్చుకోని యంత్రాలే ఎక్కువగా చిక్కుకొన్నాయి. కావలివాడు ఒక్కడే చాలడనీ, గోడకు పడిన కన్నాన్ని కూడా పూడ్చాలనీ ఈ సంఘటన బోధిస్తున్నది.

మరి పాత కంప్యూటరు ఉన్నవారు ఏమి చేయాలి? ఒకే యంత్రంలో రెండు యాంటీవైరసులను ఒకేసారి నడపరాదు. రెండూ ప్రతి ఫైలునూ పరీక్షించబూని ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. సమగ్ర పరీక్షను మనం పని చేయని వేళకు నియమించుకోవాలి. అవకాశముంటే ర్యామ్‌ను పెంచుకోవాలి. తిరిగే డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీని అమర్చుకొంటే రాకపోకల భారం చాలావరకు తగ్గుతుంది. కొన్ని యాంటీవైరసులు పట్టికలో కొంత భాగాన్ని దూరపు సర్వర్లలో ఉంచి ర్యామ్‌ను పొదుపు చేస్తాయి. కాని వాటి పూర్తి సామర్థ్యానికి ఇంటర్నెట్‌ అవసరం. విండోస్‌ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్‌ను మోయలేని యంత్రంలో తేలికైన లినక్సును అమర్చుకోవచ్చు. అన్నిటినీ మించి, ముఖ్యమైన ఫైళ్లకు మరొకచోట ప్రతి ఉంచుకోవాలి. అపరిచితులు పంపిన జోడింపులను తెరవరాదు.

యాంటీవైరసు కొంత జ్ఞాపకశక్తిని వాడుకోవడం కంచె చేను మేయడం కాదు. అది కావలివానికి ఇచ్చే కూలి. అయితే మూడెకరాల చేనుకు ముప్పై మంది కావలివారిని పెట్టుకొన్న రైతుకు పంట మిగలదు. కూలికి వెరచి అందరినీ పంపివేసిన రైతుకూ మిగలదు. తన చేను ఎంతో, దానికి తగిన కాపలా ఎంతో గుర్తెరిగినవాడే పంటను ఇంటికి చేర్చుకొంటాడు.