మల్టీమీటరు : కొలత పరిధిని నిర్ణయించుకొను విధము

రైతు సోదరులలో పలువురు మోటారు పరీక్షకై చిన్న మల్టీమీటరును కొని యింట నుంచుకొనుచున్నారు. మంచిదే. ఐతే దాని నడుమనున్న గుండ్రని మీటను ఏ గుర్తున కెదురుగా నిలుపవలయునో తెలియక లైనునకు తాకించినచో, మీటరు కాలిపోవుటయే గాక మనిషి ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

మీట చుట్టును వ్రాసియున్న అంకెలకు పరిధులని పేరు. 200 అని యున్నచో ఆ స్థానమున మీటరు రెండువందల వఱకే కొలువగలదని యర్థము. బంగారము తూచు త్రాసులో వడ్లబస్తా నుంచరాదు. బస్తాల కాటాపై బంగారము నుంచినను ఫలము లేదు. కావున కొలువబోవు దానికంటె పెద్దవైన పరిధులలో మిక్కిలి చిన్నదానిని ఎన్నుకొనవలయును. 12 వోల్టుల ట్రాక్టరు బ్యాటరీని డి.సి. 20లో చూచినచో, 200లో కంటె ఒక దశాంశము అధికముగా తెలియును. ఎంత యుండునో తెలియనప్పుడు పెద్ద పరిధితో మొదలిడి క్రమముగా దిగవలయును.

మన మూడు ఫేజుల లైనులో రెండు ఫేజుల నడుమ సుమారు 415 వోల్టులును, ఫేజునకు న్యూట్రలునకు నడుమ సుమారు 240 వోల్టులును ఉండును. చౌక మీటర్లలో ఏ.సి. పరిధులు తఱచుగా 200, 750 అని రెండే; కొన్నిట పెద్దది 600. పొలము లైనునకు ఎల్లప్పుడును పెద్దదియే వాడవలయును. 200లో చూచినచో పలు మీటర్లలో ఎడమప్రక్క 1 అను అంకె యొక్కటియే కనబడును. దీనిని ఒక వోల్టని భ్రమించుట కలదు. పరిధి దాటినదని దాని యర్థము. తీగలో కరెంటు నిండుగా నున్నది!

అంతకంటె మోసకరమైనది డి.సి. స్థానము. దానితో ఏ.సి. లైనును చూచినచో సున్నకు సమీపమైన అంకెయే కనబడును. ఆ సున్నను నమ్మి తీగను పట్టుకొన్నవాని గతి యేమగును? కావున కరెంటు లేదని మీటరు చూపినప్పుడు, మీటను కదల్పక, కరెంటున్నదని తెలిసిన మఱియొక చోట దానిని పరీక్షించి, మరల వచ్చి చూడవలయును.

ఓముల స్థానమున నుంచి లైనును తాకరాదు. ఎఱ్ఱతీగను 10 ఆంపియర్ల రంధ్రమున ఉంచి వోల్టులు చూచుట అన్నిటికంటె ప్రమాదము. అది రెండు ఫేజులను నేరుగా కలిపినట్లే. చౌక మీటర్లలో ఆ రంధ్రమునకు ఫ్యూజు సహితము ఉండదు. మోటారు తీసికొను ఆంపియర్లకు క్లాంపు మీటరు వేఱుగా కలదు. దాని దవడల నడుమ ఒక్క తీగనే ఉంచవలయును. మూడును కలిపి పెట్టినచో లెక్క దాదాపు సున్నగా వచ్చును.

మోటారు చుట్లను చూచుటకు లైను పూర్తిగా కట్టివేసి, మోటారు తీగలను స్టార్టరునుండి విప్పించి, 200 ఓముల పరిధిలో రెండేసి తీగలను పరీక్షింపవలయును. మూడు జతలును ఇంచుమించు సమానముగా నుండవలయును. ముందుగా మీటరు మొనలను ఒకదానికొకటి తాకించి, అప్పుడు వచ్చిన అంకెను తీసివేయుట మఱవరాదు.

కేబులు తడిసి కరెంటు భూమిలోనికి దిగుచున్నదా యను సందేహమును మాత్రము ఈ మీటరు తీర్పజాలదు. దానిలోని బ్యాటరీ సాధారణముగా 9 వోల్టులది. అందులకు 500 వోల్టులతో పరీక్షించు మెగ్గరు కావలయును. ప్రతివారును కొననక్కఱలేదు; సంఘమున ఒకటి యున్నచో ఊరి మోటార్లన్నిటికిని సరిపోవును.