సూరత్ రాత్రి షిఫ్టు, రోజుకో మాత్ర

హుమ్మ దగ్గరి ఉప్పు మడుల్లో పని వానలు పడేదాకానే. ఆ తర్వాత చేతిలో పని లేనివాళ్లకు గంజాం జిల్లాలో తెలిసిన దారి ఒకటుంది, సూరత్. అక్కడి మరమగ్గాల దగ్గర నిలబడే ఒడిశా కూలీల్లో ఎక్కువమంది ఈ జిల్లావాళ్లే. ఒడిశాలో హెచ్‌ఐవీ బెడద గంజాంలో ఎక్కువ కావడానికి ఈ వలసే ప్రధాన కారణమని చాలా ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. వలసవల్ల జబ్బు ఎలా వచ్చిందన్నది అందరూ మాట్లాడే సంగతి. వలసవల్ల మందు ఎలా తప్పుతోందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మందు కొరత మాట అటుంచండి. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఒకప్పుడు రోగాన్ని తట్టుకునే శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా పడిపోతే గాని మందు మొదలుపెట్టేవారు కాదు. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ వస్తే చాలు, మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి.

ఈ మాత్ర వైరస్‌ను చంపదు, పెరగనివ్వదు, అంతే. ఒంట్లో కొన్ని కణాల్లో వైరస్ నక్కి ఉంటుంది. మందు ఆగిందంటే కొన్ని వారాల్లోనే మళ్లీ రక్తంలో పెరుగుతుంది. అది తన నకళ్లు తీసుకునే తీరు, తప్పులు లెక్కచేయని లేఖకుడు తాళపత్రం ఎక్కించినట్టు ఉంటుంది. ఒంట్లో మందు అరకొరగా ఉన్నప్పుడు, ఆ తప్పుల్లో మందుకు లొంగని రకం ఏదైనా పుడితే అదే బతికి బట్టకడుతుంది. అందుకే పూర్తిగా మానేయడం ఎంత ప్రమాదమో, వారానికి నాలుగు రోజులు వేసుకుని మూడు రోజులు ఎగ్గొట్టడమూ అంతే ప్రమాదం.

బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. ఇలాంటి ప్రతి కేంద్రంలోనూ డాక్టరుతో పాటు కౌన్సెలర్ ఉంటారు. వచ్చినప్పుడల్లా డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. నూటికి 95 వంతులు వేసుకోవాలన్నది అక్కడి కొలత. ముప్పై మాత్రల్లో ఒకటి తప్పితే 97 శాతం దాకా ఉంటుంది. రెండు తప్పాయా, 93కి పడిపోతుంది.

అయితే ఈ లెక్కను ఏమార్చడం కష్టమేమీ కాదు. తిడతారన్న భయం ఉంటే, మిగిలిన మాత్రలు కాలువలో పారేసి వచ్చేవాళ్లూ ఉంటారు. “మందు మానేశావా?” అంటే “లేదండి” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. “పోయిన వారంలో ఏ పూట కుదరలేదు బాబూ?” అని అడిగితే అసలు కథ బయటికొస్తుంది. కౌన్సెలింగ్ అంటే నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నే. హితబోధలు గోడమీది పోస్టర్లలో ఎలాగూ ఉంటాయి.

సూరత్ మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు. ఒక విడత పగలు, ఇంకో విడత రాత్రి. కూలీలుండే మెస్ గదిలో ఒకరు లేచిన చోటే ఇంకొకరు పడుకుంటారు. అలాంటి మనిషికి “రోజూ రాత్రి తొమ్మిదింటికి వేసుకో” అని చెబితే, తొమ్మిదింటికి అతను మగ్గం దగ్గర ఉంటాడు. పక్కవాడు డబ్బా చూస్తే దాని మీదున్న మందు పేరు ఫోన్‌లో వెతుకుతాడు. అందుకే తాళం వేసుకునే పెట్టె ఉందా, ఎప్పుడు లేస్తావు, టీ ఎక్కడ తాగుతావు అన్నవి ముందు అడగాలి. గడియారానికి కాకుండా, నిద్రలేచాక తాగే టీకి మాత్రను ముడిపెడితే షిఫ్టు మారినా తప్పదు. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు, మర్నాడు రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు. గ్యాస్ మందుగానీ రక్తానికిచ్చే ఐరన్ మాత్రగానీ వాడుతుంటే ఆ సంగతి చెప్పాలి. అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు, మధ్య కొన్ని గంటల ఎడం కావాలి. మద్యం తాగిన రోజు మాత్ర వేసుకోకూడదని చాలామంది అనుకుంటారు. తాగుడు మంచిదని ఎవరూ అనరు గాని, ఆ రోజు మాత్ర ఎగ్గొట్టడం రెండో నష్టం.

మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, తర్వాత ఏటా రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే కలయిక ద్వారా భాగస్వామికి అంటదు. ఈ మాట భార్యాభర్తలిద్దరికీ చెప్పినప్పుడు ఎన్ని హెచ్చరికలూ చేయలేని పని జరుగుతుంది. మిల్లీలీటరు రక్తంలో వైరస్ నకళ్లు వెయ్యి దాటితే వెంటనే మందు మార్చరు. కౌన్సెలింగ్ గట్టిగా చేసి, మూడు నెలలకు మళ్లీ పరీక్షిస్తారు. మందు పనిచేయలేదా, మందు పడలేదా అన్నది అప్పుడు తేలుతుంది.

గంజాం తీరానికే సొంతమైన చిక్కు ఇంకొకటుంది. గోపాల్‌పూర్, ఆర్యపల్లి వైపు బెస్తల ఇళ్లలో మాట తెలుగు, ఆసుపత్రి వ్యవహారం ఒడియా. బజారు ఒడియా అందరికీ వచ్చు. కాని రాత్రి ఎందుకు నిద్ర పట్టలేదో, ఆలికి ఎందుకు చెప్పలేదో ఆ బజారు మాటల్లో చెప్పడం కష్టం. తోడొచ్చిన కొడుకునో పక్కింటాయననో మధ్యలో పెడితే రహస్యం అక్కడే పోతుంది. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. తెలుగు వచ్చిన కౌన్సెలర్ ఉండడం ఇక్కడ మర్యాద కోసం కాదు, ఆ చట్టం నిలబడడానికే.

రైలెక్కేముందు చేయాల్సిన పని ఒకటుంది. బరంపురం కేంద్రంలో చెబితే పేరు సూరత్‌లోని ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ చేస్తారు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే ఏర్పాటూ ఉంది. చెప్పకుండా వెళ్లినవాళ్లు రికార్డుల్లో ‘రానివాళ్లు’గా మిగిలిపోతారు. అలా వెళ్లిపోయినా, మధ్యలో మానేసినా దగ్గరున్న ఏ కేంద్రానికైనా వెళ్లి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.