మైకు ముందు ఏ టేబుల్‌కి?

కరోకే నైట్ అంటే గాయకుడి గొంతు తీసేసిన ట్రాకు మీద బార్‌కి వచ్చినవాళ్లే పాడే రాత్రి. జపాన్ భాషలో ‘కర’ అంటే ఖాళీ, ‘ఓకే’ అనేది ఆర్కెస్ట్రాకు పొట్టిపేరు. ఆ ఖాళీని ఎవరు, ఏ వరసలో, ఏ స్కేల్‌లో నింపాలో చూసుకునే మనిషి హోస్ట్. మైకు అందించడం అందులో చిన్న పని.

ఈ పని పుట్టింది కూడా బార్‌లోనే. కోబె నగరంలో దైసుకె ఇనొవె అనే కీబోర్డు కళాకారుడు కస్టమర్ల పాటకు వెనక వాయించేవాడు. ఒక కంపెనీ యజమాని తనతో విహారయాత్రకు రమ్మంటే వెళ్లలేక, ఆయన గొంతుకు సరిపోయేలా వాయించి టేపు చేసి పంపాడు. 1971లో నాణెం వేస్తే మోగే పెట్టెలు 11 చేయించి బార్లకు అద్దెకిచ్చాడు. టోక్యోలో షిగేఇచి నెగిషి 1967లోనే ఇలాంటి పెట్టె తయారుచేశాడు కానీ, హోస్టులు పాఠంగా తీసుకోవలసింది ఇనొవె టేపునే. మనిషిని చూసి పాటను సర్దడం అందులో ఉంది.

ఆ పాఠం హైదరాబాద్ బార్లలో బాగా పనికొస్తుంది. మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కితే ఎల్‌బీ నగర్ నాలుగో స్టేషన్. ఆ కాస్త దూరంలోనే జనం రుచి మారిపోతుంది. మూసారాంబాగ్ పక్కనే ఉర్దూ వినిపించే మలక్‌పేట కాబట్టి రఫీ, కిశోర్ కుమార్ పాటలు అడిగేవాళ్లు తగులుతారు. ట్రాకుల జాబితాలో పాత హిందీ లేకపోతే ఇక్కడ సగం రాత్రి వృథా. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణాలు, నగల దుకాణాల షట్టర్లు దించాక వచ్చేవాళ్లుంటారు. రోజంతా నిలబడి అలసిన మనుషులు కనుక మొదటి అరగంట వాళ్లని కదపకూడదు. ఇక్కడి కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లలో 21 ఏళ్లు నిండనివాళ్లకు తెలంగాణలో మద్యం అమ్మకూడదు. మైకు కోసం వచ్చామన్నా హోస్ట్ ఆ నియమాన్ని సడలించకూడదు. ఎల్‌బీ నగర్ దగ్గర విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు విడిపోతాయి. నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ. ఆ టేబుళ్ల దగ్గర జానపదం మొదలైతే పాడేది ఒకరైనా పల్లవి అందుకునేది అందరూ.

అరవై దాటిన స్నేహితుల టేబుల్‌కి ఘంటసాల కావాలి. ‘దేవదాసు’ (1953)లో అక్కినేని నాగేశ్వరరావుకు ఆయన పాడిన తాగుబోతు పాటలు బార్‌లో ఎప్పుడూ అడిగేవే. వాటిని ఆఖరున పెడితే హాలంతా దిగులుపడుతుంది. తొమ్మిదింటికి ముందే పాడించి, వెంటనే ఒక యుగళగీతం వేస్తే టేబుళ్లు తేరుకుంటాయి. పెద్దవాళ్లకు తెరమీద తెలుగు అక్షరాలు, అవీ పెద్దవి, కావాలి. కుర్రాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగును వేగంగా చదువుతారు. రెండు రకాల ట్రాకులూ దగ్గర ఉంచుకోవాలి.

కుటుంబాలు భోజనానికి కూర్చునే ఏసీ హాలు లెక్క వేరు. అక్కడ పిల్లలకు మైకు ముందు ఇచ్చి, శబ్దం తగ్గించి, పాటకూ పాటకూ మధ్య వడ్డనకు వ్యవధి ఇవ్వాలి.

అసలు నేర్పు స్కేల్ దగ్గర బయటపడుతుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చరణంలో పైకి వెళ్లిన చోట మామూలు గొంతు చీరుకుపోతుంది. పాడేవాడు కళ్లు మూసుకుని మెడ నరాలు బిగించేసరికి పక్క టేబుల్ నవ్వుతుంది, అతను మళ్లీ మైకు ముట్టడు. ట్రాకును రెండు మూడు మెట్లు దించితే అదే మనిషి చరణం దాటేస్తాడు. మగగొంతు పాటను ఆడవాళ్లు పాడాలంటే నాలుగైదు మెట్లు మార్చాల్సి రావచ్చు. అందుకే మంచి హోస్టులు పాట మొదలుకాక ముందే పల్లవి ఒకసారి కూనిరాగం తీయించుకుంటారు. ‘మీకు రాదు’ అనే మాట ఎవరి చెవినా పడకుండా చూస్తారు.

తెలుగు పాట నాలుగైదు నిమిషాలు. పిలుపులు, చప్పట్లు కలుపుకొని గంటకు పది పాటలు దాటవు. ముప్పై పేర్లు రాసుకుంటే చివరివాడికి మూడు గంటల ఎదురుచూపు. టేబుల్‌కి ఒక పాట చొప్పున తిప్పడం న్యాయం. బాగా పాడేవాడికి వరసగా రెండు ఇస్తే మిగతా టేబుళ్లు శ్రోతలైపోతాయి, రాత్రి కచేరీ అయిపోతుంది. తాగి తూలుతూ వచ్చినవాడిని వెనక్కి పంపితే గొడవ. అందరూ కలిసి పాడే పాటలో రెండో మైకు ఇస్తే సరిపోతుంది. ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ అలాంటి పాటే. దాన్ని పాడిన ఇద్దరిలో రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాద్ కుర్రాడే.

డాబా మీది బార్లకు ఒక హద్దు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో బార్ వెనక గోడకే హాస్టల్ కిటికీ ఉంటుంది. ఆ కిటికీ వెనక ఎవరో పరీక్షకు చదువుకుంటూ ఉండొచ్చు.

పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి 1957 కాపీరైట్ చట్టం హక్కునిచ్చింది. బార్‌లో కరోకే ట్రాకు నడిపినా వాళ్లకు రుసుము దక్కాలి. ఏటా బార్ లైసెన్సు ఫీజు కట్టే యజమానులు పాటల లైసెన్సు కూడా తీసుకుని ఆ తర్వాతే మైకు ఆన్ చేయాలి.